అత్తగారి పువ్వు

నరసాపురం, పాలకొల్లు వైపు ఊళ్లలో మధ్యాహ్నం వంటా వార్పూ అయ్యాక ఆడవాళ్లు అరుగుల మీదికి చేరతారు. చేతిలో కొక్కెం ఉన్న సూది. ఒళ్లో దారపు ఉండ. నోరు మాట్లాడుతూనే ఉంటుంది. వేళ్లు అల్లుతూనే ఉంటాయి. అదే లేసు పని.

ఈ పని ఆ ఊళ్లలో పుట్టింది కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు దేశం నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. తర్వాత అది ఇంటింటి పని అయింది. లేసు విదేశాలకి ఎగుమతి అయింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఒకామె పువ్వులే అల్లుతుంది. ఇంకొకామె ఆ పువ్వుల్ని కలుపుతుంది. దాన్ని అతుకు పని అంటారు. అతికాక అది బల్ల మీద పరిచే గుడ్డ అవుతుంది. దారం ఇచ్చేది ఏజెంటు. పువ్వులు పట్టుకుపోయేదీ ఏజెంటే. ఏళ్ల తరబడి పువ్వులు అల్లిన మనిషికి కూడా ఆ గుడ్డ చివరికి ఎంతకి అమ్ముడుపోయిందో తెలియదు.

మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు 1978-79లో ఈ ఊళ్లు తిరిగింది. 1982లో పుస్తకం అచ్చు వేసింది. రోజంతా అల్లినా ఆ రోజుల్లో రూపాయి కూడా గిట్టేది కాదని అందులో ఉంది. ఎందుకంత తక్కువ? ఇంట్లో ఉన్న ఆడవాళ్లు పొద్దుపోక అల్లుకుంటున్నారని అందరూ అనుకోబట్టి. పొద్దుపోకనా? నీళ్లు మోసి, వండి, పిల్లల్ని చూసుకుని, మిగిలిన పొద్దులో అల్లేవాళ్లు!

ఇక ఒక అత్తా కోడళ్ల సంగతి చూద్దాం. ఇది పాఠం కోసం అల్లిన కథ.

అత్తకి ఒక పువ్వు వచ్చు. ఏజెంటు ఇచ్చిన నమూనా కాదు. మల్లెమొగ్గల వరస చూసి తానే కట్టుకున్నది. కోడలు ఆ పువ్వులతో ఒక చిన్న గుడ్డ అతికింది. ఫోనులో ఫొటో తీసింది.

"వాట్సాప్‌లో పెడతాను అత్తయ్యా."

"వద్దే అమ్మాయ్. ఏజెంటు చూస్తే మనకి దారం ఆపేస్తాడు."

అత్త భయం ఉత్త భయం కాదు. అరుగు మీద ఎవరికైనా ఆ భయం ఉంటుంది. కోడలు కాసేపు ఆలోచించింది.

"ఆయన నమూనా ఒక్కటీ పెట్టను. ఆయన దారంతో అల్లినదీ పెట్టను. ఇది మన దారం, మీ పువ్వు."

అత్త సరేనంది. మొహాలు వద్దు, ఇంటి గుమ్మం వద్దు, గుడ్డ ఒక్కటే కనపడాలంది. రెండు రోజులకి హైదరాబాదు నుంచి ఎవరో అడిగారు. ఎంత?

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్లలో ధర చెప్పింది ఏజెంటే. వీళ్లని అడిగినవాళ్లు లేరు. అప్పుడు కోడలు నోటుబుక్కు తీసింది. అత్త రాసింది. ఈ మధ్యనే అంకెలు నేర్చుకుంది గదా!

దారం 60 రూపాయలు. 5 రోజులు, రోజుకి 4 గంటలు. 20 గంటలు. గంటకి 30 రూపాయలు వేసుకుంటే 600. కవరూ, పోస్టు ఖర్చూ 50. మొత్తం 710 రూపాయలు.

అవతలామె, "500కి ఇవ్వండి" అని రాసింది.

"గంటలు తగ్గుతాయా అని అడుగు" అంది అత్త.

చివరికి 700కి కుదిరింది. ఆ పది రూపాయలు వదిలినందుకు అత్త రెండు రోజులు గొణిగింది.

ఇంతలో ఇంకో ఫోను వచ్చింది. "డబ్బు పంపుతున్నాం, మీ పిన్ నొక్కండి" అన్నారు. కోడలు ఫోను పెట్టేసింది. డబ్బు మనకి రావడానికి పిన్ నొక్కనక్కర్లేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే. ఫోనుకి వచ్చే ఓటీపీ అంకెలు కూడా ఎవరికీ చెప్పకూడదు.

ఫొటో పెడితే నమూనా చూసి ఇంకొకరు అల్లుకోవచ్చు. అది ఆగేది కాదు. అందుకే కోడలు గుడ్డంతా చూపించింది గాని, పువ్వుని మరీ దగ్గరగా తీయలేదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే చోట చేసిన సరుకుని ఆ పేరుతో అమ్మకూడదు. ఆ గుర్తింపు ఊరి పనికి. అత్త పువ్వుకి విడిగా వచ్చింది కాదు.

ఒక్క గుడ్డ అమ్మితే ఇల్లు గడవదు. ఏజెంటు పువ్వులు ఇప్పటికీ అల్లుతున్నారు. అయితే ఏజెంటు వచ్చినప్పుడు అత్త ఇప్పుడు నోటుబుక్కు పక్కన పెట్టుకుంటోంది. పువ్వుకి ఎన్ని నిమిషాలు పట్టిందో అందులో ఉంది.

పొట్లం కట్టేటప్పుడు కోడలు ఒక కాగితం ముక్క ఇచ్చింది. అత్త దాని మీద తన పేరు రాసి, గుడ్డ మడతలో పెట్టింది. ఒక అక్షరం కొట్టేసి మళ్లీ రాసింది.

లెక్క కట్టండి: మీరు చేసే ఒక వస్తువు పేరు రాయండి. సరుకు ఖర్చు ఎంత? ఎన్ని గంటలు పట్టింది? గంటకి మీరు ఎంత వేసుకుంటారు?