పెల్లాగ్రా వ్యాధి – గోల్డ్‌బెర్గర్ పరిశోధన

రోగమును కుదుర్చుటకంటె రాకుండ చేయుట మేలు. డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ (1874–1929) జీవితము ఇందుకు నిదర్శనము.

1914లో అమెరికా ప్రభుత్వము ఆయనకు పెల్లాగ్రా పరిశోధనను అప్పగించినది. అది అంటువ్యాధియని పలువురి నమ్మకము. అంటువ్యాధియైనచో ఆశ్రమవాసులకు సోకినది సేవకులకేల సోకలేదని ఆయన ప్రశ్నించెను. పాలు, గ్రుడ్లు, మాంసము పెట్టించగా అనాథ బాలలలో వ్యాధి తగ్గినది. 1915లో మిసిసిపీ ఖైదీలు 11 మందికి మొక్కజొన్న ప్రధానముగా ఆహారమిడగా 6గురికి వ్యాధి వచ్చినది. విడుదల ఆశ చూపి చేసిన ఈ ప్రయోగమును నేడు మనము సమ్మతింపజాలము. 1916లో రోగి రక్తమును తన దేహమున ఎక్కించుకొనియు ఆయన ఆరోగ్యముగనే ఉండెను.

లోపించినది నియాసిన్ అని 1937లో తేలినది. జొన్న తినువారిలోని పెల్లాగ్రాను హైదరాబాదు పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో వెల్లడించిరి. పేదరికమే ఈ రోగమునకు మూలమని విద్యార్థులమైన మనము గ్రహింపవలెను.