వరి మడిలో నత్తలు, పాడి పశువుకు కార్జపు జలగలు

జూలూరుపాడు మండలంలో మన సంఘాలకు పాలు పోసే సభ్యులలో చాలామందికి పాడి పశువులతో పాటు చెరువు కింద గానీ బోరు కింద గానీ కొంత వరి కూడా ఉన్నది. మడిలోని గడ్డి పశువుకు, పశువు పేడ మడికి వెళ్లడం మనకు తరతరాల వాడుక. ఈ రాకపోకలలోనే ఒక రోగం కూడా ప్రయాణం చేస్తున్నది. తనిఖీకి వెళ్లినప్పుడు పాలు తగ్గినవని చెప్పిన సభ్యుని మేము ముందు దాణా సంగతి అడుగుతాము. ఆ తరువాత, పశువు ఏ నీళ్లు తాగుతున్నది, ఏ గడ్డి తింటున్నదని తప్పక అడుగుతాము.

నీరు పెట్టిన వరి మడి వట్టి బురద కాదు. శ్రీలంకలో సాగునీటి వరి పొలాలను పరిశీలించి 2004లో ప్రచురించిన వివరాలలో వెన్నెముక లేని జీవులే 494 జాతులు లెక్కకు వచ్చినవి. మన మడిలోనూ నత్తలు, ఎండ్రకాయలు, జలగలు, నీటి పురుగులు, బురదలో ఎర్రని సన్నపు పురుగులు కనిపిస్తాయి. తూనీగ రెక్కలు రాక ముందు నీటిలోనే పెరిగి దోమ పిల్లలను తింటుంది. నీటిపై పరుగెత్తే చిన్న నల్లులు దుబ్బు నుండి జారిపడిన సుడిదోమను పట్టి రసం పీలుస్తాయి. వీటికి మనం కూలి ఇవ్వనక్కరలేదు.

ఇన్ని జీవులలో పాడి రైతు ముఖ్యంగా గుర్తు పట్టవలసినవి రెండు నత్తలు. మొదటిది పలుచని గుల్ల గలది. మొన పైకి, నోరు మన వైపుకు ఉండేటట్లు పట్టుకుంటే నోరు కుడి చేతి వైపు ఉంటుంది. కార్జపు జలగను మోసేది ఇదే. రెండవది జిలేబీ వలె బల్లపరుపుగా చుట్టుకొని ఉంటుంది. ఇది గురక రోగాన్ని, పొట్ట జలగలను మోస్తుంది. ఈ రెండింటి నోటికీ మూత ఉండదు. మూత గల పెద్ద గుల్ల నత్త కార్జపు జలగను మోసేది కాదు, దానిని ఏరి పారేయనక్కరలేదు.

రోగం తిరిగే దారి ఇది. జలగ గల పశువు పేడలో గుడ్లు పడతాయి. పేడ నీటిలో కలిస్తే రెండు మూడు వారాలలో గుడ్డు పగిలి కంటికి కనబడని పిల్ల వెలువడి నత్తలో దూరుతుంది. అక్కడ ఒకటి వందలుగా పెరిగి, కొన్ని వారాల తరువాత బయటికి ఈదివచ్చి గడ్డి మీద, వరి దంటు మీద గట్టి పొర కప్పుకొని కూర్చుంటుంది. పశువు దానిని మేస్తే పిల్ల జలగ పేగు దాటి కార్జానికి చేరుతుంది. పెరిగిన జలగ 2.5 నుండి 7.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పశువు చిక్కిపోవడం, కంటి రెప్ప లోపల తెల్లబడడం, దవడ కింద నీరు దిగడం, పారుడు దీని గుర్తులు. గేదె చావకపోవచ్చు గానీ పాలు తగ్గుతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

నత్తలను చంపితే పోదా అని సభ్యులు అడుగుతారు. మైలుతుత్తం వేస్తే నత్తలు చచ్చేమాట నిజమే. చేపలు, మిగతా పురుగులు కూడా చస్తాయి. వీపు మీద గుడ్లు మోసుకొని తిరిగే ఒక నీటి పురుగున్నది. ఆ మోసేది మగది. అది మనం చెప్పుకున్న రెండు నత్తలనూ తింటుంది. విచ్చలవిడిగా గుళికలు చల్లిన మడిలో అటువంటివి బతకవు. కాబట్టి మడికి విషం పెట్టేకంటే దారిని తెంచడమే మా సలహా. కొట్టం కడిగిన నీటిని కాలువలోకి వదలకూడదు. పచ్చి పేడను మడిలో వేయక రెండు మూడు నెలలు పెంటకుప్పలో బాగా మాగనివ్వవలెను. కుప్ప వేడికి గుడ్లు చస్తాయి. బాతులు గలవారు కోత తరువాత మడిలోకి వదిలితే నత్తలను ఏరుకుంటాయి.

గడ్డి విషయం మరింత ముఖ్యం. పొర కప్పుకున్న జలగ పిల్లలు నీటిలో మునిగిన దంటు అడుగు భాగాన ఎక్కువ. అవి తడిలో చాలాకాలం బతుకుతాయి, ఎండకు చస్తాయి. కోసిన వెంటనే పచ్చి వరిగడ్డి వేయక, బాగా ఎండబెట్టి వాము వేసి, తరువాత మేపవలెను. వేసవిలో చెరువు శిఖంలో పచ్చగా కనిపించే చోటే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే నీరు తగ్గిన కొద్దీ నత్తలూ పశువులూ అక్కడే గుమిగూడతాయి. తాగునీటికి తొట్టి కట్టుకుంటే మేలు. సీతారామ ఎత్తిపోతల పథకం కింద ఈ ప్రాంతానికి గోదావరి నీరు చేరితే మడులు ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉంటాయి. పంటకు మంచిదే, నత్తకూ మంచిదే.

గురక రోగం గడ్డితో రాదు. జలగ పిల్ల నీటిలో నిలబడిన పశువు చర్మం గుండా దూరుతుంది. ఆవులు, ఎడ్లలో ముక్కు లోపల కండ పెరిగి గురక వస్తుంది. గేదెలో గుర్తులు కనబడకపోయినా చీమిడితో గుడ్లు నీటిలో పడతాయి. పశువుల రక్తపు జలగల పిల్లలు మనిషి చర్మంలో దూరినా పెరగవు, దద్దురు మాత్రం లేస్తుంది. నాట్లు వేసే ఆడవారి కాళ్ల దురదకు ఇదీ ఒక కారణమే.

అనుమానం ఉన్న సభ్యులు తాజా పేడను మూత గల డబ్బాలో పశువైద్యశాలకు పంపగలరు. జలగ పెరిగి గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది గనుక, ఒకసారి గుడ్లు కనబడనంత మాత్రాన రోగం లేదని అనుకోరాదు. మందు ఎంపిక డాక్టరు గారిది. పిల్ల జలగకు పనిచేసే మందు వేరు, పెద్ద జలగకు మాత్రమే పనిచేసేది వేరు. మందు తాగించిన తరువాత ఎన్ని రోజులు పాలు సంఘానికి పోయరాదో కూడా వారినే అడిగి, కార్యదర్శికి తెలిపి పుస్తకంలో రాయించవలెను.