పాల లెక్కల డిస్కు మొరాయిస్తే - ముందు నకలు, తరువాతే మరమ్మతు

ఉదయగిరి కొండ చుట్టూ వున్న మెట్ట పల్లెల్లో వాన పడితేనే పంట. ఆత్మకూరు వైపు సోమశిల నీరు అందే ఊళ్లు కొన్ని వున్నా, నడుమ నడుమ చేతిలో పైకం ఆడేది పాల బిల్లు వచ్చిన రోజునే. కంప్యూటరు పెట్టుకున్న సంఘాలలో ఆ బిల్లు ఇప్పుడు కార్యదర్శి చేతిరాత మీద ఆధారపడి లేదు. తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ పూటపూటకు కంప్యూటరులోని హార్డ్ డిస్కు మీద నమోదవుతున్నాయి. ఆ డిస్కు చెడిన నాడు ఏమి చేయాలో కార్యదర్శికే కాదు, పాలు పోసే ప్రతి సభ్యునికీ తెలిసి వుండాలి. లెక్క సంఘం గదిలో వున్నా, అది సభ్యుల సొత్తు.

లెక్క పోతే నష్టం ఎవరికి?

లెక్క దొరకనప్పుడు సాధారణంగా వచ్చే సలహా ఒకటి వుంది: "అందరికీ సరాసరి శాతం వేసి ఇచ్చేయండి." వినడానికి న్యాయంగానే వుంటుంది. లెక్క వేసి చూడండి. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల బర్రె పాలు 7.5 వెన్న శాతంతో పోస్తున్నదనుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే (ఇది లెక్క కోసం అనుకున్న ధర మాత్రమే) ఆమెకు పూటకు 300 రూపాయలు రావాలి. సరాసరి 6 శాతం వేస్తే వచ్చేది 240. పూటకు 60, రోజుకు 120, పదిహేను రోజులకు 1,800 రూపాయలు ఆమె నష్టపోతుంది. ఆ డబ్బు పలుచని పాలు పోసినవారి ఖాతాలో చేరుతుంది. బర్రెకు దాణా పెట్టి మంచి పాలు పోసినవారే శిక్ష అనుభవించే పద్ధతి ఇది. కనుక సరాసరి అన్నది అన్ని దారులూ మూసుకున్న తరువాత చూడవలసిన దారి.

డిస్కు లోపల ఏముంది?

మీగడ తీసే యంత్రాన్ని చూసినవారికి దీనిని చెప్పడం సులభం. ఆ యంత్రంలో గిన్నె నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. హార్డ్ డిస్కులో అద్దం వంటి పళ్లేలు నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతాయి. వాటి మీద సన్నని చేయి వంటి కడ్డీ చివర చదివే తల, దానినే హెడ్డు అంటారు, గాలి పొర మీద తేలుతుంటుంది. పళ్లేనికీ హెడ్డుకూ మధ్య ఎడం వెంట్రుక మందంలో కొన్నివేల వంతు. తిరుగుతున్న మీగడ యంత్రాన్ని ఎవరైనా ఎత్తి పక్కన పెడతారా? నడుస్తున్న కంప్యూటరును బల్ల మీద ఇటూ అటూ జరపడం అంతకంటె ప్రమాదం. హెడ్డు పళ్లేన్ని ఒక్కసారి గీసిందంటే అక్కడి రాత పోయినట్లే. లేచిన పొడి మిగిలిన చోట్లనూ గీస్తుంది.

మన వైపు డిస్కులకు మరి రెండు శత్రువులున్నాయి. ఒకటి కరెంటు. పోయి వచ్చే కరెంటు, ఎక్కువ తక్కువ వోల్టేజి, ఉరుముల వేళ తీగ వెంట వచ్చే దెబ్బ. రెండవది ధూళి, వేడి. డిస్కు మూత బిగువుగా వుంటుంది కనుక ధూళి నేరుగా లోపలికి పోదు. కానీ కంప్యూటరు పెట్టె ఫ్యానుకు పాల గది దుమ్ము పట్టి గాలి ఆడక, రేకుల కప్పు క్రింద మే నెలలో పెట్టె లోపలి వేడి పెరిగిపోతుంది. మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హద్దు సుమారు 60 డిగ్రీలు.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి

కంప్యూటరు మొరాయించిన ప్రతిసారీ తప్పు డిస్కుదే అనుకోరాదు. తేదీ పాత సంవత్సరానికి పోయిందంటే లోపల వుండే నాణెం వంటి సి.ఆర్. 2032 బ్యాటరీ అయిపోయినట్లు. ఇది చిన్న ఖర్చు. కానీ తేదీ సరిచేయకుండా పాలు పోయించుకుంటే ఆ పూట లెక్కంతా తప్పు తేదీ క్రింద పడుతుంది, బిల్లులో కనిపించదు. అసలు లైటే వెలగకుంటే కరెంటు పెట్టె, అంటే ఎస్.ఎం.పి.ఎస్., చూడాలి. డిస్కు ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకపోతే దానికి వచ్చే సన్నని కేబులు వదులై వుండవచ్చు. కరెంటు తీసి, కేబులు ఊడదీసి గట్టిగా బిగించడం, లేదా మార్చడం మొదటి పని.

డిస్కే జబ్బుపడిందనడానికి గుర్తులు వేరు. మునుపు నిమిషంలో తెరుచుకునే పాల సాఫ్టువేరుకు పది నిమిషాలు పడుతుంది. ఒక సభ్యుని నెంబరు కొట్టగానే తెర బిగుసుకుపోతుంది. ఫైలు చదవలేకపోతున్నానని మాటిమాటికీ సందేశం వస్తుంది. ఇవి పళ్లెం మీద అక్కడక్కడ మచ్చలు పడ్డాయనడానికి సూచనలు. లోపలినుండి టక్, టక్ మని ఒకే లయలో చప్పుడు వస్తే హెడ్డు తన దారి తప్పిందన్నమాట. ఇది అన్నింటికంటె చెడ్డ గుర్తు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే వ్రాసుకునే పట్టిక కూడా వుంది. దానిని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చు. అందులో 05, సి5, సి6 అనే మూడు వరుసల చివరి అంకె సున్నాగా వుండాలి. సున్నా దాటి పెరుగుతున్నదంటే కొత్త డిస్కు కొరకు తీర్మానం వ్రాయవలసిందే. సి7 వరుస ఒక్కటే పెరిగితే తప్పు చాలా వరకు కేబులుది. 2007లో గూగుల్ కంపెనీ లక్షకు పైబడిన తన డిస్కులను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించింది. ఉపరితల పరీక్షలో మొదటి తప్పు కనిపించిన డిస్కు తరువాతి 60 రోజులలో చెడిపోయే అవకాశం, తప్పులేని డిస్కుకంటె 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే వ్యాసంలో ఇంకొక మాట వుంది: చెడిపోయిన డిస్కులలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కటీ చూపకుండానే చెడ్డాయి. పట్టిక బాగున్నదని నిశ్చింతగా వుండడానికి వీలులేదన్నమాట.

చేయకూడనివి

జబ్బు డిస్కు మీద కొత్తగా ఏదీ వ్రాయకూడదు. చేయకూడని పనులన్నీ ఈ ఒక్క మాటలోనే వున్నాయి. విండోస్ తిరిగి ఎక్కించడం అంటే పాత లెక్కల మీద కొత్త రాత వ్రాయడమే. చాలామంది మెకానిక్కులు మొదట చెప్పేది అదే, ఎందుకంటే వారికి యంత్రం నడిస్తే చాలు. మనకు కావలసింది యంత్రం కాదు, లెక్క. డిస్క్ చెక్ అనే విండోస్ పరీక్ష కూడా చదివి ఊరుకోదు, సరిచేస్తానని వ్రాస్తుంది. మచ్చలు పడిన డిస్కును గంటల తరబడి తిప్పి అలసట పెడుతుంది. కంప్యూటరు తెరుచుకునేటప్పుడు అది తనంతట తానే మొదలుపెట్టబోతే, తెర మీద చెప్పిన కొద్ది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కి ఆపివేయాలి.

ఇక డిస్కును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. బయటికి తీయగానే చల్లని చెంబుకు చెమట పట్టినట్లు పళ్లేలకు తేమ పడుతుంది. మూత విప్పి చూడడం కూడా అటువంటిదే. ఒక్క ధూళి రేణువు హెడ్డు ఎడంకంటె ఎన్నో రెట్లు పెద్దది. అడుగున వున్న సర్క్యూటు బోర్డు మాడితే, అదే మోడలు బోర్డు తెచ్చి బిగిస్తే చాలునని కొందరంటారు. ఇప్పటి డిస్కులలో ఆ డిస్కుకే ప్రత్యేకమైన కొలతలు బోర్డులోని ఒక చిప్పులో వుంటాయి. ఆ చిప్పును మార్చడం తెలిసినవారు చేస్తేనే ఫలితం.

నకలు తీయడం

డిస్కు మెల్లగానైనా తిరుగుతూ, చప్పుడు లేకుండా వుంటే ఆశ వుంది. వెంటనే కంప్యూటరు ఆపి, డిస్కు విప్పి, వేరొక మంచి కంప్యూటరుకు రెండవ డిస్కుగా తగిలించాలి. ఆ కంప్యూటరును విండోస్‌తో కాక పెన్ డ్రైవ్ మీది లినక్స్‌తో తెరవడం మేలు. అక్కడ డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము వుంది. దీని పద్ధతి తెలివైనది. మామూలు నకలు మొదటి మచ్చ దగ్గరే తల బాదుకుంటుంది. ఇది మొదటి విడతలో మంచి చోట్లనన్నిటినీ గబగబా తీసుకొని, మచ్చలున్న చోట్లను దాటిపోతూ, ఎక్కడెక్కడ దాటిందో వేరే ఫైలులో గుర్తు వ్రాసుకుంటుంది. తరువాతి విడతలలో ఆ మిగిలిన చోట్లకు మాత్రం తిరిగి వెళుతుంది. మధ్యలో కరెంటు పోయినా గుర్తుల ఫైలు వుంటే ఆగిన చోటునుండే సాగుతుంది. నకలు పడే కొత్త డిస్కు పాతదానికంటె చిన్నది కారాదు. ఏది పాతది, ఏది కొత్తది అని పేర్లు రెండుసార్లు సరిచూసుకున్న తరువాతే మొదలుపెట్టాలి. తారుమారైతే ఖాళీ డిస్కు నకలు లెక్కల మీద పడుతుంది!

నకలు చేతికి వచ్చాక పాత డిస్కును బీరువాలో పెట్టివేయండి. మరమ్మతు, వెదుకులాట అన్నీ నకలు మీదనే. పాల సాఫ్టువేరు తన లెక్కల ఫైలును ఏ ఫోల్డరులో దాస్తుందో అమ్మినవారికి తెలుసు. ఫోను చేసి అడిగితే సగం పని తీరుతుంది. పొరపాటున చెరిపిన ఫైళ్లను, చెదిరిన విభాగాలను వెదకడానికి టెస్ట్ డిస్క్, ఫోటో రెక్ అనే ఉచిత సాధనాలున్నాయి. వీటిని కూడా నకలు మీదనే నడపాలి.

కొత్త కంప్యూటర్లలో తిరిగే పళ్లేలు లేని ఎస్.ఎస్.డి. వుంటుంది. కుదుపులకు అది తట్టుకుంటుంది, చప్పుడు చేయదు. కానీ చచ్చేటప్పుడు కూడా చప్పుడు చేయకుండానే చస్తుంది. దానిలో చెరిపిన ఫైలు చాలాసార్లు మళ్లీ దొరకదు, ఎందుకంటే ఖాళీ అయిన చోట్లను అది తానే తుడిచిపెట్టుకుంటుంది.

టక్ టక్ మనే డిస్కును మాత్రం ఎవరూ ముట్టరాదు. కరెంటు తీసివేసి, ధూళి రాని గది వున్న ప్రయోగశాలకు పంపాలి. మనకు చెన్నై, హైదరాబాదు దిక్కు. పంపే ముందు, లెక్క దొరికితే ఎంత, దొరకకపోతే ఎంత అని వ్రాతమూలకంగా అడిగి, ఆ మొత్తాన్ని పాలకవర్గం ముందు పెట్టాలి. ఆగిన బిల్లు రెండు లక్షలైతే ఒక తీరు, ఇరవైవేలైతే మరొక తీరు. ఉదయగిరి నుండి నెల్లూరికే సుమారు వంద కిలోమీటర్లు. డిస్కును మోటారు సైకిలు పెట్టెలో వేయక, స్థిర విద్యుత్తు అంటని సంచిలో పెట్టి, మెత్తని గుడ్డ చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తీసుకుపోవడం మంచిది.

సాయంత్రం పాలు ఆగవు

డిస్కు చెడింది ఉదయమైతే సాయంత్రం సభ్యులు క్యాన్లతో వస్తారు. వారిని వెనక్కు పంపనవసరం లేదు. తూకం, పాల పరీక్ష యంత్రం చాలాచోట్ల కంప్యూటరు లేకుండానే అంకెలు చూపుతాయి. కార్బను పెట్టిన రిజిస్టరులో సభ్యుని నెంబరు, తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. సభ్యుని ఎదుటనే వ్రాసి, నకలు చీటీ చింపి ఇవ్వాలి.

పోయిన పూటలకు సాక్ష్యం సభ్యుల చేతిలోని చీటీలే. అయితే ఒక చిక్కుంది. ఎక్కువ సంఘాలలో వచ్చేది వేడితో అచ్చయ్యే కాగితం. ఎండ తగిలినా, పొయ్యి దగ్గర పెట్టినా వారాలలో వెలిసిపోతుంది. రవికలోనో జేబులోనో నలిగి తెల్లబడిన చీటీతో న్యాయం అడగడం కష్టం. ఇంట్లో చదువుకున్న పిల్లలచేత ఏ పూటకాపూట పాస్ పుస్తకంలో పెన్నుతో ఎక్కించుకోవడం మేలు. ఫోనుతో ఫోటో తీసుకున్నా సరే.

చీటీలు పోగుచేసి వ్రాసిన లెక్క సరైనదో కాదో తేల్చడానికి శీతల కేంద్రం ఇచ్చిన రసీదు వుంది. ఆ పూట సంఘం పాలు మొత్తం ఎన్ని, కలిపిన పాల వెన్న ఎంత అన్నది దానిలో వుంటుంది. సభ్యుల మొత్తం దానికి దగ్గరగా రావాలి. తేడా వున్న పూటను గుర్తుపెట్టి, పేర్లు చదివి వినిపించి, అందరి ఎదుట తేల్చుకోవాలి. ఏ పూటకాపూట లెక్కను యూనియనుకు ఇంటర్నెట్టు ద్వారా పంపే సంఘాలవారు ముందు అక్కడ అడిగి తెచ్చుకోవచ్చు.

రోజూ రెండు నిమిషాలు

ఐ.బి.ఎం. కంపెనీ 1956లో మొదటి హార్డ్ డిస్కును తెచ్చినపుడు దానిలో రెండేసి అడుగుల వెడల్పు పళ్లేలు 50 వుండేవి. పట్టేది 50 లక్షల అక్షరాలు. 110 మంది సభ్యులున్న సంఘానికి ఏడాదికి 80,300 పద్దులు. పద్దుకు వంద అక్షరాలనుకున్నా 80 లక్షలు. ఆ యంత్రంలో మన సంఘం ఏడాది లెక్క పట్టదు. నేడు చిటికెన వేలంత పెన్ డ్రైవ్‌లో వంద సంఘాల లెక్క ఒక మూలన పడి వుంటుంది. ఇంత చవకైన జాగ్రత్త వుండగా ఒకే డిస్కును నమ్ముకోవడానికి కారణం లేదు.

రెండు పెన్ డ్రైవ్‌లు కొనండి. బేసి తేదీన ఒకటి, సరి తేదీన ఒకటి. సాయంత్రం పాలు అయిపోగానే నకలు తీసి, వెంటనే ఊడదీయాలి. తగిలించి వుంచితే ఉరుము దెబ్బకు అది కూడా పోతుంది. ఒకటి సంఘంలో, ఒకటి అధ్యక్షుని ఇంటిలో. అదే కంప్యూటరులో డి డ్రైవ్ మీద వేసిన నకలు నకలు కాదు; పేరు వేరైనా పళ్లెం ఒకటే. నెలకొకసారి ఆ పెన్ డ్రైవ్‌ను వేరొక కంప్యూటరులో తెరిచి, ఎవరైనా ఒక సభ్యుని పద్దు తీసి అతని పాస్ పుస్తకంతో సరిపోల్చండి. తెరిచి చూడని నకలు వున్నదో లేదో ఎవరికీ తెలియదు.

చెడిన డిస్కును పాత ఇనుములో అమ్మవద్దు. దానిలో సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా నెంబర్లు ఇంకా వుంటాయి. స్టాకు రిజిస్టరులో వ్రాసి, ఆ సంవత్సరం ఆడిట్ అయ్యేవరకు బీరువాలో వుంచి, ఆ తరువాత పాలకవర్గం ఎదుట పళ్లేలకు అడ్డంగా రెండు మూడు చోట్ల డ్రిల్లుతో రంధ్రాలు వేయించి, ఆ సంగతి తీర్మానంలో వ్రాసుకోవాలి.