పెద్దవాళ్లను మళ్లీ నడిపించే నర్సులు కావాలి

మన ఇళ్లలో పెద్దవాళ్లను మంచం మీంచి కిందికి దించారంటే ఆశ వదులుకున్నట్టే. ఆసుపత్రిలో మాత్రం వాళ్లు కోలుకోవడం మంచం దిగడంతోనే మొదలవుతుంది. డెబ్బై దాటిన మనిషి న్యుమోనియాతో చేరతాడు. మందులకు జ్వరం తగ్గుతుంది, కానీ డిశ్చార్జి నాటికి కాళ్లు నిలవవు. 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులు మంచం మీద ఉంచితే, కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఇక జబ్బుపడినవారి సంగతి చెప్పాలా?

డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి వెళతారు. రోజంతా పక్కన ఉండేది నర్సే.

లేపడమంటే చెయ్యి పట్టి లాగడం కాదు. పడుకుని ఉండగా బీపీ చూడాలి. మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోబెట్టాలి. నిలబెట్టాక 3 నిమిషాల్లోపు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే కళ్లు తిరిగి పడొచ్చు కాబట్టి వెంటనే కూర్చోబెట్టి డాక్టర్‌కు చెప్పాలి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడుతుంటే జాగ్రత్త. మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగాలి. అది ఉన్నన్నాళ్లూ మనిషిని మంచానికి కట్టేసినట్టే.

అసలు కష్టం అటెండెంట్లతో. "సిస్టర్, నాన్నని పడుకోనివ్వండి, ముసలి ప్రాణం" అంటుంది కూతురు. ఆవిడతో వాదించకండి. అన్నం మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి పెట్టమనండి. కళ్లజోడు, వినికిడి మిషన్, జారని చెప్పులు ఇంటినుంచి తెప్పించండి. నన్నడిగితే ఈ పనిలో సగం నైపుణ్యం ఇలా ఒప్పించడమే. దీనికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లెవరూ లేరు.

చదువు సంగతికొస్తే, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, జీఎన్ఎం 3 ఏళ్లు. రిజిస్టర్డ్ నర్సులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్‌తో వృద్ధుల నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. 2011 జనగణనలోనే దేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా తేలారు కాబట్టి పనికి కొదవ ఉండదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి జర్మనీకి పంపుతోంది. అక్కడ రోగికి ఒళ్లు తుడవడం, లేపి నడిపించడం నర్సు చేసే పనే. ఆయా చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకు ఆ ఉద్యోగం సరిపడదు.

క్లినికల్ పోస్టింగ్‌లో అందరూ ఐసీయూ కోసం పోటీ పడతారు. మీరు ఆర్థో వార్డు అడగండి. తుంటి ఎముకకు ఆపరేషనైన మామ్మ చేత వాకర్ పట్టించి ఫిజియోథెరపిస్టు మొదటిసారి నిలబెట్టేటప్పుడు, రెండో పక్క మీరుండండి.