గుఱ్ఱపు వన్నె: పంచాయతీ పెద్దలు తెలియదగిన విషయము

తల్లి నలుపు, తండ్రి నలుపు. పుట్టిన పిల్ల మాత్రము ఎఱుపు. "ఇది ఆ మగగుఱ్ఱపు పిల్ల కాదు, నన్ను మోసగించినారు" అని ఒకరు వచ్చి మొఱపెట్టుకొన్నచో పెద్దలు ఏమి చెప్పవలెను? తొందరపడక, వన్నె వెనుక నున్న ప్రకృతి నియమమును ముందుగా తెలిసికొనుట మేలు.

గుఱ్ఱపు వెండ్రుకలలో రంగు పదార్థములు రెండే: ఒకటి నల్లనిది, రెండవది ఎఱ్ఱనిది. నల్లనిది తయారగుటకు ఎం.సి.1.ఆర్. అను జన్యువు సరిగా పనిచేయవలెను. ఎఱ్ఱని గుఱ్ఱములలో ఈ జన్యువునందు గల మార్పును శాస్త్రజ్ఞులు 1996లో వెల్లడించిరి. పిల్లకు ఈ జన్యువు రెండు ప్రతులుగా సంక్రమించును. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. వానిలో ఒక్కటి పనిచేసినను నలుపు ఏర్పడును. రెండును మారినవైనచో మేన గాని, జూలున గాని, తోకన గాని నల్లని వెండ్రుక కానరాదు.

కావున నల్లని తలిదండ్రులు ఇరువురును మారిన ప్రతిని ఒక్కొక్కటి మఱుగున మోయుచుండవచ్చును. అట్టి జంటకు పుట్టు ప్రతి పిల్లయు ఎఱ్ఱనిదగుటకు నాలుగింట ఒకవంతు అవకాశము కలదు. ఇందు మోసమేమియు లేదు. ఎఱ్ఱని జంటకు నల్లని పిల్ల పుట్టెనన్నచో మాత్రము సందేహించుట న్యాయమే. పిల్లకిచ్చుటకు వానియొద్ద పనిచేయు ప్రతియే లేదు.

మఱియొక తగవు. పొరుగూరిలో పోషణకుంచిన నల్లని పిల్ల కొన్ని ఏండ్లకు తెల్లనై తిరిగివచ్చినది. గుఱ్ఱమును మార్చినారని నింద! కాని పెక్కు తెల్లని గుఱ్ఱములు పుట్టునపుడు నల్లగనో ఎఱ్ఱగనో ఉండి, ఏడాదికేడాది నెరసి తెల్లబడును. దీనికి కారణమైన జన్యుమార్పు 2008లో తెలియవచ్చినది. ఇందుకు ఒక్క ప్రతియే చాలును. కనుక తలిదండ్రులలో ఒకరైనను అట్లు నెరసినదై యుండవలెను. ఇట్టి గుఱ్ఱములకు ముదిమిలో తోకక్రింద నల్లని కంతులు పుట్టుట కద్దు. కనబడినంతనే పశువైద్యునికి చూపవలెను.

వన్నె ఒక సాక్షి మాత్రమే. ఆ సాక్ష్యమును అర్థము చేసికొనకున్నచో నిరపరాధి నష్టపోవును. వెండ్రుకల కుదుళ్ళను పరీక్షించి తలిదండ్రులను నిర్ణయించు పద్ధతి నేడు కలదు. అనుమానము తీరనిచో పశువైద్యుని సలహాపై ఆ పరీక్ష చేయించి, పిమ్మటనే మాట చెప్పుట పెద్దరికమునకు శోభ.