జ్వరం తగ్గినా మలేరియా మాత్రలు ఆపకండి

"జ్వరం తగ్గింది కదా సిస్టర్, ఇంకా మాత్రలెందుకు?" అని వార్డులో చాలామంది అడుగుతుంటారు. దీనికి జవాబు ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మలేరియాను కలిగించే పరాన్నజీవిని ఆడ అనాఫిలిస్ దోమ ఒకరి నుండి మరొకరికి చేరుస్తుంది. దోమలో ఈ పరాన్నజీవి పెరుగుతుందని 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొన్నారు. మన దేశంలో వైవాక్స్, ఫాల్సిపారం అనే రకాలు ఎక్కువ. ఫాల్సిపారం మెదడును, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తేగలదు.

మందు ఎందుకు పనిచేయదు?

ఒకప్పుడు రెండు రకాలకూ క్లోరోక్విన్ ఇచ్చేవారు. ఫాల్సిపారం ఈ మందుకు లొంగడం లేదని మన దేశంలో మొదట 1973లో అస్సాంలో గుర్తించారు. తరువాత ఇతర రాష్ట్రాలలోనూ కనిపించింది. మందు చాలినంత పడకపోతే బలహీనమైన క్రిములు చస్తాయి. మందును తట్టుకున్నవి మిగిలి, పెరిగి, దోమ ద్వారా ఇంట్లోవారికి, ఇరుగుపొరుగుకు చేరతాయి. అప్పుడు వారికి ఆ మందు పనిచేయదు.

రెండు మందుల చికిత్స

అందుకే 2010 నుండి మన దేశంలో ఫాల్సిపారం రోగులందరికీ రెండు మందులు కలిపి ఇవ్వాలని నిర్ణయించారు. ఆర్టిసునేట్ క్రిములను త్వరగా చంపుతుంది, కాని కొన్ని గంటలలోనే శరీరం నుండి పోతుంది. జత మందు చాలా రోజులు రక్తంలో ఉండి మిగిలిన క్రిములను చంపుతుంది. ఈశాన్య రాష్ట్రాలలో జత మందు కూడా సరిగా పనిచేయకపోవడంతో 2013లో అక్కడ ఆర్టిమీథర్, ల్యూమెఫాంట్రిన్ కలిసిన మాత్రలకు మారవలసి వచ్చింది. మనం సగంలో ఆపితే ఉన్న మంచి మందులూ ఇలాగే చేజారిపోతాయి.

మీరు చేయవలసినవి

1. చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. దుకాణంలో మాత్రలు కొని వాడకండి.

2. ఫాల్సిపారం మాత్రలు మూడు రోజులూ వాడండి. వైవాక్స్ కాలేయంలో దాగి మళ్ళీ వస్తుంది కనుక దానికి ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు.

3. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ప్రిమాక్విన్ ఇవ్వకూడదు. గర్భవతి అయితే ముందే చెప్పండి.

4. ప్రిమాక్విన్ వాడుతుండగా మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.

5. మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే సిస్టర్‌కు చెప్పండి. ఆ మోతాదు మళ్ళీ ఇవ్వాలి.

6. మిగిలిన మాత్రలు దాచి మరొకరికి ఇవ్వకండి.

మత్తుగా పడి ఉండడం, ఫిట్స్, ఆయాసం, ఆగని వాంతులు కనిపిస్తే రాత్రి అయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.