లోహంపై నీడ, తెరపై నీడ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగాన ఇంద్రావతి నదికి ఇరువైపులా విస్తరించిన బస్తర్ సీమ తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని స్థానిక సంప్రదాయం చెబుతున్నది. ఇంద్రావతి చివరకు గోదావరిలోనే కలుస్తుంది. దక్షిణపు సరిహద్దు గ్రామాలలో గోండీ, తెలుగు పలుకులు పక్కపక్కనే వినిపిస్తాయి. ఈ సీమకు కీర్తి తెచ్చిన డోక్రా లోహశిల్పం నేటి విద్యార్థికి ఒక కొత్త పాఠాన్ని కూడా బోధించగలదు. కంప్యూటరు తెరపై బొమ్మలకు నీడను, కాంతిని, వాలు అంచును కల్పించే పద్ధతులే ఆ పాఠం.

డోక్రా పనిలో ఆరితేరినవారు ఘడ్వాలు. కొండగావ్ వీరి ముఖ్యకేంద్రాలలో ఒకటి. ఆ ఊరి శిల్పి జయదేవ్ బఘేల్ ఈ కళను విదేశాలకు సైతం పరిచయం చేశాడు. శిల్పి మొదట మట్టితో బొమ్మ గర్భాన్ని చేసి, దానిపై తేనెమైనాన్ని సన్నని దారాలుగా వత్తి వరుసగా చుడతాడు. కన్నులు, నగలు, గుర్రపు జీను మొదలైనవన్నీ మైనంతోనే తీర్చుతాడు. ఆపైన మట్టిపూతలు వేసి కాల్చగా మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి ప్రవేశిస్తుంది. చల్లారిన పిదప మట్టి అచ్చును పగులగొట్టి బొమ్మను బయటికి తీస్తారు. అచ్చు మళ్లీ పనికిరాదు. కనుక ఒక బొమ్మ వలె మరొక బొమ్మ ఉండదు. మొహెంజొదారో నర్తకి ప్రతిమ ఈ విధానంలో పోసినదే. పన్నెండవ శతాబ్దపు చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసము’లో దీని వివరణ ఉన్నది.

డోక్రా బొమ్మ అందమంతా ఆ దారపు గీతలలోనే ఉన్నది. ప్రతి గీతా ఒక చిన్న గట్టు. వెలుగు వచ్చే దిక్కున గట్టు మెరుస్తుంది, అవతలి దిక్కున నీడ పడుతుంది. ఎదురుగా ఫ్లాష్ వెలిగించి ఛాయాచిత్రం తీస్తే గట్లన్నీ చదునై కనిపిస్తాయి. పక్కనుండి ఏటవాలుగా వెలుగు పడినప్పుడు ఒక్కొక్క గీత లేచి నిలుస్తుంది.

తెరపై జరిగేది కూడా ఇదే సూత్రం. 1990లో వెలువడిన ఫోటోషాప్‌లో ఈ లేయర్ ఎఫెక్టులు 1998 నాటి ఐదవ రూపంతో చేరాయి. ఉచితంగా లభించే గింప్‌లో కూడా ఇటువంటి సాధనాలు ఉన్నవి. వీటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది డ్రాప్ షాడో, అనగా పడునీడ. దీనికి దిశ, దూరం, మెత్తదనం, గాఢత అనే నాలుగు కొలతలు. వెలుగు క్షితిజానికి 45 డిగ్రీల ఎత్తున ఉంటే నీడ పొడవు వస్తువు ఎత్తుతో సమానం. 30 డిగ్రీలైతే 1.73 రెట్లు, 60 డిగ్రీలైతే 0.58 రెట్లు. పది పిక్సెళ్ల ఎత్తున తేలుతున్నట్లు చూపదలచిన అక్షరానికి ఆ మూడు స్థితులలో దూరం వరుసగా 10, 17, 6 పిక్సెళ్లుగా ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీడ అంచు మెత్తబడాలి, గాఢత తగ్గాలి. నీడ సాధారణంగా మల్టిప్లై పద్ధతిలో కలుస్తుంది. అనగా రెండు విలువలను గుణించి 255తో భాగిస్తారు. 200, 128 కలిస్తే దాదాపు 100 వస్తుంది, రంగు ముదురుతుంది.

రెండవది గ్లో, అనగా అంచు చుట్టూ వ్యాపించే కాంతి. ఇది సాధారణంగా స్క్రీన్ పద్ధతిలో కలుస్తుంది. అవే 200, 128 విలువలు ఇక్కడ దాదాపు 228 అవుతాయి, రంగు తేలికపడుతుంది. తెల్లని నేపథ్యంపై ఎంత కాంతి చేర్చినా తెలుపు తెలుపుగానే మిగులుతుంది. తెల్లకాగితంపై గ్లో కనిపించడం లేదని కొలతలు పెంచుతూ పోవడం వృథా. నేపథ్యాన్ని ముదురు చేయాలి.

మూడవది బెవెల్, అనగా వాలు అంచు. ఒక పక్క తెలుపు, ఎదుటి పక్క నలుపు చేర్చి, చదునైన ఆకారాన్ని ఉబ్బినట్లు చూపుతుంది. వెలుగు పైనుండి వస్తుందని మన కన్ను సహజంగా ఊహిస్తుంది. అందుచేత దిశను తలకిందులు చేస్తే ఉబ్బు కాస్తా గుంటగా కనిపిస్తుంది. కోణం 120 డిగ్రీలు అంటే వెలుగు ఎడమవైపు పైనుండి వస్తున్నదని అర్థం. ఒకే చిత్రంలోని అన్ని ప్రభావాలకు ఒకే దిశ ఉండాలి. ఛాయాచిత్రంలో వెలుగు కుడినుండి వస్తూ, శీర్షిక నీడ కూడా కుడివైపునే పడితే చూపరికి ఎక్కడో పొరపాటు తోస్తుంది.

ఇంతవరకు ఇది విద్య. దీని వినియోగంలో ఒక నీతి కూడా ఉన్నది. బస్తర్ డోక్రాకు 2008లో, ఆదిలాబాదు ఓజాల డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు అసలు పనికే చెందాలన్నది ఈ గుర్తింపు ఉద్దేశం. దూరాన ఉన్న కొనుగోలుదారు బొమ్మను చేతితో తాకలేడు. చిత్రాన్ని నమ్మి వెల చెల్లిస్తాడు. యంత్రంతో పోసిన నునుపు బొమ్మ చిత్రంపై బెవెల్ వేసి గీతలు పుట్టిస్తే, రోజుల తరబడి మైనపు దారం చుట్టిన చేతి శ్రమకు, కృత్రిమ ప్రభావానికి తేడా చెరిగిపోతుంది. నష్టపోయేవాడు శిల్పి.

కనుక విద్యార్థులు ఒక హద్దు పాటించడం మంచిది. శీర్షిక అక్షరాలకు, కరపత్రపు అలంకరణకు ఈ మూడు ప్రభావాలను స్వేచ్ఛగా వాడవచ్చు. నేపథ్యం తొలగించిన బొమ్మ గాలిలో తేలినట్లు కనిపించకుండా కింద మెత్తని నీడ చేర్చడంలోనూ దోషం లేదు. బొమ్మ దేహంపై మాత్రం కృత్రిమమైన ఉబ్బు, మెరుపు చేర్చరాదు. అక్కడ కావలసింది కిటికీ పక్కన పెట్టి, ఏటవాలు వెలుగులో తీసిన ఒక నిజాయితీ గల ఛాయాచిత్రం. లోతును మైనంలో శిల్పి ముందే మలచి ఉంచాడు. దానిని కనిపించనివ్వడమే చిత్రకారుని పని.